మిస్యేగారి మూడేళ్ల చదువు

పుదుచ్చేరి గోరిమేడులో మేముండే మేడమెట్ల కింద నాకొక కుర్చీ ఉంది. ఎక్కే కాళ్లూ దిగే కాళ్లూ చూస్తూ, ఎవరి ప్యాంటు ఏ దర్జీ పాడుచేశాడో కనిపెడుతూ కూర్చుంటాను. మొన్న పైవాటా పిల్ల దిగుతూ దిగుతూ నా ముందు ఆగింది. వాళ్ల నాన్న యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. మాదీ యానామే కాబట్టి ఆ పిల్లకి నా దగ్గర చనువెక్కువ.

"తాతగారూ, నేను డిగ్రీలో కమ్యూనికేషను, మీడియా తీసుకుందామనుకుంటున్నానండి. ఇంట్లో ఎవరికీ అదేంటో అర్థం కావట్లేదు. అది చదివితే ఏమవుతారో మీకేమైనా తెలుసాండి?"

"చదివితే ఏమవుతారో తెలీదమ్మా. చదవకపోతే ఏమవుతారో తెలుసు," అన్నాను.

నవ్వి, ఫోనులో ఆ చదువు తాలూకు పాఠాలన్నీ చూపించింది. పత్రికలున్నాయి, రేడియో ఉంది, సినిమా ఉంది, సబ్బుల ప్రకటనలు ఎలా రాయాలో కూడా ఉంది.

"వినడం ఏ ఏడాదిలో పెట్టారు?"

"వినడమేంటండి, అది అందరికీ వచ్చేదేగా," అని మిగిలిన మెట్లు దిగిపోయింది.

మిస్యేగారు ఉంటే ఆ పిల్లని మొదటి ఏడే తప్పించేవాడు.

మిస్యే అంటే ఫ్రెంచిలో అయ్యా అని. ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరిని ఏలిన కాలంలో బూట్లు వేసుకున్న ప్రతివాడూ మిస్యేనే. వాళ్లు వెళ్లిపోయాక ఆ మాటకు ఉండడానికి ఇల్లు లేక, వచ్చి ఈయన మీద వాలింది. ఊరంతా అలాగే పిలిచేది, అలాగే నేనూ పిలిచాను. అసలు పేరు నాకు తెలుసు. దానితో మనకు పనిలేదు.

నేనూ బడీ అయిదో క్లాసులో ఒకరినొకరు వదిలేసుకున్నాం. ఎవరు ముందు వదిలారన్నది యానాంలో ఇప్పటికీ తేలలేదు. కొన్నాళ్లు ఊరిమీద తిరిగి, జెండా మారిన ఏడాది పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు వెనక మా మామయ్య దర్జీ కొట్టుకి వచ్చి పడ్డాను. జెండా మారిందన్న మాటేగాని ఊరు కాగితాల మీద పూర్తిగా మన చేతికి రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఆ నడిమి ఏళ్లలో పుదుచ్చేరి ఒక కాలు ప్యాంటులో దూర్చి, రెండో కాలికి దారి దొరక్క గెంతుతున్న మనిషిలా ఉండేది. తపాలాబిళ్ల మారింది, కోర్టులో మాట మారింది. పోలీసుల నెత్తిన ఎర్రటోపీ మాత్రం మారలేదు. కొత్త టోపీల ఆర్డరు వస్తుందని మామయ్య ఎదురుచూసి చూసి రెండు ప్రభుత్వాలనీ కలిపి తిట్టేవాడు.

మిస్యేగారు కొట్టుకి వచ్చిన మొదటిరోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. తెల్లటి డ్రిల్లు ప్యాంటు, సుద్ద రాసిన కాన్వాసు బూట్లు, బక్కపలచని మనిషి. ముప్ఫై నిండలేదు కానీ నడక మాత్రం పింఛను తీసుకుంటున్నట్టుండేది. ఊరిని రెండుగా చీల్చే కాలువ అవతల ఒక చిన్న బడిలో ఫ్రెంచి చెప్పేవాడు. ప్యాంటు ఎప్పుడిస్తారని అడిగాడు.

"రేపు ఇచ్చేస్తామండి," అన్నాడు మామయ్య.

"యవరు చెప్పినారు?"

"నేనేనండి, చెప్తున్నది."

"మీకు యవరు చెప్పినారు?"

మామయ్య మిషను ఆపాడు. దర్జీని ఆ ప్రశ్న అడిగిన మనిషి అంతకుముందు లేడు. "నాకెవరు చెప్తారండి? నా చేతులు."

"చేతుల్ని అడిగినారా?"

ఆ మాటకు నేను పక్కన పడీపడీ నవ్వాను. ప్యాంటు వారం దాటాక ఇచ్చాం, అది వేరే సంగతి.

ఆయనకు అది హాస్యం కాదని తర్వాత తెలిసింది. ఊళ్లో ఏ కబురు ఎవరు మోసుకొచ్చినా ముందు ఆ రెండు ప్రశ్నలూ దాటాలి. యవరు చెప్పినారు, వాళ్లకి యవరు చెప్పినారు. పెళ్లి చేసుకోని మనిషి. భర్త పోయిన అక్కగారి ఇంట్లో ఉండేవాడు. ఆవిడ వచ్చి, "అన్నం అయింది, రారా," అన్నా అదే వరస. "యవరు చెప్పినారు?" అనేవాడు కళ్లు తెరవకుండా. "నీ తద్దినం చెప్పింది. లేసి రా," అనేది ఆవిడ. ఆ అక్కాతమ్ముళ్లని వినడానికి కొట్టు మూసేసి వెళ్లినా నష్టం లేదు.

కళ్లు తెరవకుండా అన్నాను కదా. ఎవరైనా మాట్లాడుతుంటే కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కొత్తవాళ్లు, ఈయనకు నిద్రొచ్చిందనుకుని లేచిపోయేవాళ్లు. "చూస్తా ఉంటే వినబడదు తంబీ," అనేవాడు నాతో. మార్కెట్టు మొగలో కాఫీ హోటలు రేడియోలో తెలుగు వార్తలు వచ్చే వేళకి అక్కడ స్తంభానికి ఆనుకుని అలాగే కళ్లు మూసుకుని నిలబడేవాడు. రేడియోలో మనిషి ‘విచ్చేశారు’ అంటే ఈయన వెనకాలే ‘వచ్చినాడు’ అని గొణిగేవాడు. ‘అభిభాషించారు’ అంటే ‘ఏందో చెప్పినాడు’ అనేవాడు. వార్తలు అయిపోయేసరికి ఢిల్లీ సంగతులన్నీ ఆయన ఇంటి తెలుగులోకి దిగిపోయేవి.

ఆ తెలుగు గురించి చెప్పాలి. వాళ్ల ముత్తాతలెవరో నెల్లూరు వైపు నుంచి నూలుబట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఫ్రెంచి. అలా తరాలు గడిచాయి. తెలుగు మాట్లాడతారు, తెలుగులో ఏడుస్తారు, తెలుగులో తిట్టుకుంటారు. తెలుగు అక్షరం ఎదురుపడితే మాత్రం తప్పుకుని పోతారు, పరిచయం లేదు మరి. మిస్యేగారిదీ అదే కథ. తమిళం మంచినీళ్లలా చదివేవాడు. ఫ్రెంచి ఎలా రాసేవాడో నాకు తెలియదుగాని దస్తూరీ చూస్తే లేసు అల్లినట్టుండేది. ఇంగ్లీషు సొంతంగా నేర్చుకున్నాడు. తెలుగు బోర్డు కనిపిస్తే నన్ను అడిగేవాడు.

ఇంతకీ ఆ మనిషికి కావలసింది ఒక్కటే. పేపర్లో రాయడం, రేడియోలో చెప్పడం ఒక చదువుగా ఎక్కడో యూనివర్సిటీల్లో నేర్పుతున్నారని విన్నాడు. అది చదవాలి.

"వకీలు చదువుకోని వస్తాడు. డాక్టరు చదువుకోని వస్తాడు. ఊరికంతా కబురు చెప్పేవాడు మాత్రం సుమ్మా, ఊరికే లేసి వస్తాడా తంబీ? దానికీ చదువు ఉండాది," అనేవాడు.

అడ్డం ఎక్కడొచ్చిందంటే, ఆయన చేతిలో ఉన్నది ఫ్రెంచి బడి సర్టిఫికెట్టు. బ్రెవే అంటారు. వాళ్లు పోతూ పోతూ జెండా తీసుకెళ్లి సర్టిఫికెట్లు మనకు వదిలేశారు. ఇది మన మెట్రిక్కుకి సమానమా, ఎక్కువా, తక్కువా అని ఈయన రాయని యూనివర్సిటీ లేదు. కిలోల్లో ఉన్న సరుకు తెచ్చి వీశెల్లో తూచమంటే వాళ్లు మాత్రం ఏంచేస్తారు? ఎవరూ తూచలేదు. అక్కడ బడిలో చూస్తే ఫ్రెంచి క్లాసులో పిల్లలు ఏటేటా పలచబడుతున్నారు. చివరికి ఓ పక్క బెంచీ మాత్రమే నిండేది.

"మరి ఏం చేస్తారండి?" అని అడిగాను.

"మన ఊళ్లోనే యూనివర్సిటీ వస్తాది. దాంట్లో ఈ చదువు పెడతారు. వాళ్లకి తెలీదు గదా ఏం చెప్పాలో. నేను సిద్ధం చేసి పెడతా ఉండా."

ఆ రోజుల్లో ఈ ఊళ్లో డిగ్రీ కాలేజీకే దిక్కులేదు. ఈయన డిగ్రీ మొత్తానికి పాఠాలు సిద్ధం చేసేశాడు. మా కటింగు బల్ల చివర కూర్చుని, వేళ్ల మీద చెప్పేవాడు. మూడేళ్ల చదువు. మొదటి ఏడు వినడం. పెన్సిలు ముట్టకూడదు, నోరు తెరవకూడదు, ఊరంతా తిరిగి వినాలి. రెండో ఏడు అడగడం. మూడో ఏడు చెప్పడం.

"రాయడం ఏదండి?" అన్నాను.

"చెప్పడం వచ్చినాక రాయడం ఎంతసేపు తంబీ? గుడ్డ కత్తిరించినాక కుట్టడం ఎంతసేపు?"

ఆ మాటకు మామయ్యకి మండింది. "కుట్టడం అంత తేలికైతే మొన్న చిరిగిన జేబు మీరే కుట్టుకోవాల్సిందండి," అన్నాడు మిషను మీంచి.

"సరి. కుట్టడానికి నాలుగో ఏడు పెడదాం," అన్నాడు మిస్యేగారు, చాలా మర్యాదగా.

ఒకసారి నన్ను వీరాంపట్టినం తేరుకి తీసుకెళ్లాడు. నేను గాజుల కొట్ల దగ్గర ఆడపిల్లల్ని చూడ్డానికి వెళ్లాననుకోండి. ఆ పల్లెకారుల ఊళ్లో అమ్మవారి తేరు తాడు ముందుగా పట్టుకునేది ఎప్పుడూ ఫ్రెంచి గవర్నరు. అది అక్కడి ఆనవాయితీ. ఇప్పుడు గవర్నరు లేడు, ఢిల్లీ పంపిన పెద్దాఫీసరు వచ్చాడు. ఆయన తాడు పట్టుకుంటాడా, పట్టుకుంటే తేరు కదులుతుందా అని జనం ఎగబడ్డారు. పట్టుకున్నాడు. కదిలింది. ఇసకలో నేను రెండుసార్లు పడ్డాను. మిస్యేగారు జనం మధ్యలో కళ్లజోడు జేబులో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తోపులాటలో అటూ ఇటూ ఊగుతూ నిలబడ్డాడు.

తిరిగి వస్తుంటే, "ఏం విన్నావు?" అని అడిగాడు.

"కొత్త దొరగారు తాడు పట్టుకున్నారండి. పూలదండ పెద్దది వేశారు. ఆయన బూట్లు విప్పి..."

"అది చూసినావు. విన్నదేంది?"

నాకు బ్యాండు తప్ప ఏమీ వినబడలేదు. అదే చెప్పాను.

"చేపల గంప పక్కన పెట్టుకోని ఒక ముసలమ్మ ఉండె. ఇంకో ఆమెతో అంటా ఉండె. ‘వాడు పట్టుకున్నా ఇంతే, వీడు పట్టుకున్నా ఇంతే. తేరు కదిలేది మా పిల్లకాయల భుజాలతో’ అని. తంబీ, ఈ పొద్దు వార్త అదే."

"బావుందండి. మరి దాన్ని ఎవరికి చెప్తారు?"

కళ్లజోడు పెట్టుకుని ముందు నడిచాడు. ఇంటి దగ్గర మలుపులో, "అందుకే గదా చదవాలంటా ఉండా," అన్నాడు.

నిజంగానే ఒకసారి తలుపు తెరుచుకుంది. మన ప్రాంతం నుంచి ఒక్క మనిషిని ఉత్తరాన ఒక యూనివర్సిటీకి, సరిగ్గా ఈ చదువుకే, సర్కారు ఖర్చు మీద పంపిస్తామని ప్రకటన వచ్చింది. బ్రెవే చెల్లుతుంది. వయసు కాస్త మించినా ఫరవాలేదు. ఇంగ్లీషులో ఒక పరీక్ష, మాతృభాషలో ఒక పరీక్ష, అంతే. మిస్యేగారు ఆ దరఖాస్తు తీసుకుని మా కొట్టుకి వచ్చాడు, మా వీధిలో మా బల్లకంటే పెద్ద బల్ల లేదు కాబట్టి. వెనకాలే అక్కగారు వచ్చింది, తమ్ముణ్ణి నమ్మదు కాబట్టి.

అన్నీ నింపాడు. మాతృభాష అన్నచోట కలం ఆగింది.

"తమిళం అని రాయి," అంది అక్కగారు.

"తమిళమే రాయండి మిస్యేగారూ. కళ్లు మూసుకుని పాసైపోతారు," అన్నాడు మామయ్య.

"ఫ్రెంచి అని రాయండి. దిద్దేవాడు దొరక్క మీకే సీటిచ్చేస్తారు," అన్నాను నేను.

ఆయన నా వైపు తిరిగాడు. "మాతృభాష అంటే ఏంది తంబీ?"

"ఆయ్, అమ్మ మాట్లాడే భాషండి."

"అక్కా, అమ్మ నన్ను ఏ భాషలో తిట్టింది?"

"తెలుగులోనే. చాల్లేదు, ఇంకా తిట్టి ఉండాల."

"అయితే తెలుగు."

అక్కగారు బల్ల మీద చెయ్యి వేసింది. "నీకు అ అనే అక్షరం యాడ మొదలుపెట్టి యాడ ఆపాలో తెలీదు. తెలుగులో పోయి ఏం పరీక్ష రాస్తావురా?"

"అబద్ధం రాసి ఇచ్చేసి, నిజం చెప్పే చదువు చదవాల్నా?" అన్నాడు. అని, లేసు అల్లినట్టు రాసేశాడు. ఊళ్లో మిగతా తెలుగువాళ్లలో ఎవరైనా అక్కడ తమిళం అనే రాసి ఉండేవారు, రాసి సుఖంగా నిద్రపోయేవారు.

పరీక్షకి నెల పైన కాస్త వ్యవధి ఉంది. గురువు ఎవరయ్యా అంటే నేను. నల్ల కోటుగుడ్డ పరిచి, సుద్దబిళ్లతో అ ఆ లు దిద్దించాను. నేను అయిదో క్లాసు దాకా మోసుకొచ్చిన తెలుగంతా ఆ నెలలో ఖర్చయిపోయింది.

"మీ అక్షరాలు అన్నీ ఒక తల్లి పిల్లల మాదిరి ఉండాయి తంబీ. యవరు యవరో తెలీడం లా."

"తలకట్లు చూడండి మిస్యేగారూ. ఇదిగో, ఠ అంటే గుండీ. చుట్టూ అంచు, మధ్యలో చుక్క. ర అంటే ఆ చుక్క ఊడిపోయింది."

అలా అక్షరాలన్నిటికీ మా కొట్టు సామాన్ల పేర్లు పెట్టి నేర్పాను. ఎవరైనా పెద్దమనిషి వింటే ఇద్దరినీ కలిపి కొట్టేవాడు. చదవడానికి పుస్తకం కావాలంటే మా దగ్గరున్నవల్లా మద్రాసు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చే తెలుగు పేపరు ముక్కలు. మామయ్య చదివేశాక వాటిని చొక్కా చేతులకీ కాలర్లకీ నమూనాలుగా కత్తిరించేవాడు. మిస్యేగారు అవే పట్టుకుని కూడబలుక్కునేవాడు.

"మం-త్రి-గా-రు ని-న్న కా-కి-నా-డ-లో... తర్వాత?"

"తర్వాత చంకండి."

చంక వంపులో మంత్రిగారు కాకినాడలో ఏం చేశాడన్నది మాకెప్పటికీ తెలియలేదు. ఆయన చదివిన తెలుగంతా అలాగే, చెయ్యి దగ్గర మొదలై భుజం దగ్గర తెగిపోయేది.

ఒక పూట ఒక వరస మొత్తం, తెగకుండా, తనంతట చదివాడు. చదివి సంతోషపడతాడనుకుంటే మొహం ముడుచుకున్నాడు.

"ఇది మా అమ్మ మాట్లాడినట్టు లేదే తంబీ."

"పేపరు తెలుగండి ఇది. ఎవరి అమ్మా ఇలా మాట్లాడదు."

"అయితే మా అమ్మ మాట్లాడింది యాడ రాసుంటారు?"

ఏదో ఒక హాస్యం ఆడి దాటేశాను. ఏం ఆడానో గుర్తులేదు, అంటే బాగా ఆడి ఉండను.

పరీక్ష నాటికి ఆయన చదువు, వాన వెలిశాక చూరు నుంచి నీళ్లు కారినట్టుండేది. వస్తుంది, కానీ ఒక్కొక్క చుక్కా. రాయడం ఇంకా కష్టం. తన పేరు రాసేసరికి మామయ్య ఒక గుండీకి కాజా కుట్టేసేవాడు.

కాలువ అవతల బడి హాల్లో పరీక్ష. నేను గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాను. అందరూ వచ్చేశాక చివర వచ్చాడు, నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు భయం వేసింది. సముద్రం ఒడ్డు వెంట నడుచుకుంటూ వచ్చాం.

"ప్రశ్న నేనే చదువుకున్నా తంబీ. యవరినీ అడగలా. మీ ఊళ్లో మీరు కళ్లారా చూసిన ఒక మార్పు గురించి పత్రికకు రాయండి అని. చాలాసేపు పట్టింది. కానీ బావుండాది ప్రశ్న. నన్ను చూసి అడిగినట్టు ఉండాది."

"ఏం రాశారండి?"

"తేరు. ముసలమ్మ మాట పైన పెట్టినా. దొరగారిని కింద పెట్టినా."

"అంతా రాసేశారా?" నాకు ఆశ్చర్యంగా ఉంది. ఆయన వేగానికి ముసలమ్మ దగ్గరికి వచ్చేలోగా గంట కొట్టేయాలి.

"రెండు కాగితాలు, నాలుగు పక్కలు. మొదటి వరస నువ్వు నేర్పిన అక్షరాల్లో రాసినా. చూసినా, టైము పోతా ఉండాది. అందుకని మిగతాది చేతికి వచ్చే అక్షరాల్లో రాసేసినా."

ఆగిపోయాను. "ఏ అక్షరాలండి?"

"ఫ్రెంచి అక్షరాలు. మాటలన్నీ తెలుగే తంబీ. ఒక్క తమిళం ముక్క కూడా కలపలా. మా అమ్మ మాట్లాడినట్టే, అట్టాగే రాసినా. గట్టిగా పైకి చదివితే చాలు, వినబడతాది."

"దిద్దేవాడు తెలుగు మేష్టారు కదండి. ఆయనకి ఫ్రెంచి చదవడం రావాలి కదా."

మిస్యేగారు సముద్రం వైపు చూశాడు. ఊళ్లో ఏ కబురు వచ్చినా రెండు ప్రశ్నలు అడక్కుండా వదలని మనిషి, ఇది అడగలేదు.

"అవును గదా," అన్నాడు.

నేను చావింట్లో కూడా నవ్వించగలనని పేరున్నవాణ్ణి. ఆ పూట ఇంటిదాకా సైకిలు తోసుకుంటూ వచ్చాను, అంతే.

ఫలితాలు ఆఫీసు గోడకి అంటించారు. ఇంగ్లీషు పరీక్షలో ఆయనవే మంచి మార్కులు. మాతృభాష ఎదురుగా మార్కులు లేవు, చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక మాట ఉంది. ఆయనే నాకు తెలుగు చేసి చెప్పాడు. భాష ఏదో తెలియలేదు అని.

కొన్నాళ్లు వీధిలో కుర్రాళ్లు, "ఈరోజు ఏ భాష మిస్యే?" అని ఆటపట్టించారు. ఆయన కోపగించుకోలేదు. అక్కగారు మాత్రం ఒకడికి చీపురు తిరగేసింది. కొట్టుకి ఎప్పటిలాగే వచ్చి బల్ల చివర కూర్చునేవాడు. మూడేళ్ల చదువు ఊసు మాత్రం ఎత్తలేదు.

"వాళ్లు రాసింది తప్పు కాదు తంబీ," అన్నాడొకసారి తనంతటే. "దిద్దేవాళ్ల కుర్చీలో కూర్చున్నట్టు అనుకోని చూసినా నేను. నేనైనా అదే రాసి ఉంటా."

అంతలో ఊరు కాగితాల మీద కూడా పూర్తిగా చేతులు మారింది. అప్పుడొక వెసులుబాటు ఇచ్చారు. ఇక్కడ పుట్టినవాళ్లు కావాలనుకుంటే, ఆరు నెలల లోపల సంతకం పెట్టి ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చు. పెట్టకపోతే మనవాళ్లు. ఈ సంగతి పట్టుకున్నది ఎవరనుకున్నారు, అక్కగారు. ఫ్రెంచి పటాలంలో పనిచేసి వచ్చిన పక్కింటి ముసలాయన్ని నిలదీసి అన్నీ కనుక్కుంది. ఫ్రాన్సులో బ్రెవే అంటే బ్రెవేనే, ఎవరూ తూచక్కర్లేదు. ఆ చదువు పారిస్‌లో ఉంది. వయసు అడగరు.

మా కొట్టులో అందరి ముందూ చెప్పింది. "పోయి సంతకం పెట్టు. అక్కడికి పోయి చదువుకో. అక్కకి యవరు అన్నం పెడతారని చూడొద్దు. నీకే నేను పెడతా ఉండేది."

"చూస్తాలే అక్కా."

"కళ్లు మూసుకోని చూసేవాడివి నువ్వు. తెరుచుకోని చూడు."

చూస్తా చూస్తా అంటూనే గడువు అంచుదాకా తెచ్చాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం నేనే సైకిలు మీద ఎక్కించుకుని సంతకాల ఆఫీసు దగ్గర దింపాను. వరస వీధి మలుపు దాకా ఉంది. వరసలో నిలబెట్టి, కుట్టుపని మిగిలి ఉంటే కొట్టుకి వచ్చాను. సాయంత్రం తిరిగి వెళ్లేసరికి వరస చిన్నదైంది, ఆయన దాంట్లో లేడు. లోపలికి వెళ్లి వచ్చేశాడేమో అని సంబరపడ్డాను.

చూద్దును కదా, ఎదురుగోడ పక్కన నిలబడి ఉన్నాడు. కళ్లజోడు జేబులో ఉంది, కళ్లు మూసుకున్నాడు. ముందు ఒక ముసలి సిపాయి చేతులు తిప్పుతూ, తాను ఎందుకు సంతకం పెట్టాడో చెబుతున్నాడు. ఆ పక్కన ఇంకొకావిడ, తన మొగుడు ఎందుకు పెట్టలేదో చెప్పడానికి వంతు కోసం చూస్తోంది.

"మిస్యేగారూ, మూసేస్తున్నారండి," అన్నాను.

కళ్లు తెరవకుండా, ఆగు అన్నట్టు చెయ్యెత్తాడు. సిపాయి చెప్పడం అయింది. ఆవిడ మొదలుపెట్టింది. లోపల బంట్రోతు వచ్చి ఒక తలుపు వేశాడు, వీధి అటూ ఇటూ చూసి రెండోది కూడా వేశాడు. ఆవిడ చెప్పడం ముగిసేదాకా మిస్యేగారు కదల్లేదు. తర్వాత కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మూసిన తలుపుల వైపు చూశాడు.

నడవడం మొదలుపెట్టాం.

"అందరినీ అడిగినా తంబీ. పింఛనుకి ఒకడు, కొడుకు కోసం ఒకడు, అన్న మీద కోపానికి ఒకడు. ఒక ఆయప్ప భార్య సమాధి ఈడ ఉండాదని పెట్టకుండా వరసలోంచి పక్కకి వచ్చేసినాడు. అందరివీ మంచి కారణాలే."

"మీరెందుకు పెట్టలేదండి?"

ఆయన నా మొహం వైపు తిరిగి, మొదటిసారి చూసినట్టు చూశాడు.

"ఇప్పుడు అడుగుతా ఉండావు. రెండో ఏడుకి వచ్చినావు," అన్నాడు.

సైకిలు ఎక్కమన్నాను. ఎక్కలేదు. కాలువ దాటి ఇంటిదాకా నడిచే వచ్చాం. అక్కగారు గుమ్మంలోనే నిలబడి ఉంది. సంతకం అయిందా అని అడగలేదు. తమ్ముడి కుడిచెయ్యి పట్టుకుని, సిరా ఏమైనా అంటిందేమోనని ఒక్కొక్క వేలే తిప్పి చూసింది.

"కాళ్లు కడుక్కో, అన్నం పెడతా," అంది.

చెయ్యి కడగాల్సిన పనిలేదు.